అత్త కంటికి నా పాలు

నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తకు చూపు లేదు. ఎడమ కన్ను నీటికాసులతో పూర్తిగా పోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరి, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా తోచేదట. అందుకే పెళ్ళిచూపులకు తన చెల్లెళ్ళను పంపింది. వాళ్ళు తిరిగొచ్చి, "పిల్ల నెమ్మదస్తురాలప్పా, నోట్లో నాలికే నేదు" అన్నారట. ఆ ఒక్క మాటకే సంబంధం ఖాయం చేసేసింది. నా మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. గాజుల చప్పుడును బట్టి నన్ను కేకేసేది.

అవి కిరసనాయిలు రేషనులో ఇచ్చే యుద్ధం రోజులు. మా ఇల్లు అనకాపల్లి శివార్లలో, చెరకు తోటల అంచున ఉండేది. ఆ ఏడు బెల్లం వంటలు అయిపోయాక మా ఆయన అత్తను పట్నం తీసుకెళ్ళి కుడి కంటికి ఆపరేషన్ చేయించారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారట.

"గడ్డిలో మావిడికాయనాగ మాగబెట్టేరే నన్ను," అని వచ్చీ రాగానే నవ్వింది.

వేయమని ఒక చుక్కల మందు సీసా ఇచ్చారు. అది మంటగా ఉంటుందని, పైగా కన్ను మసకేస్తుందని అత్తకు పడేది కాదు. కొన్నాళ్ళకు కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేక నుదురు పట్టుకుని కూర్చునేది. మా వైపు ఎర్రబడ్డ కంటికి ఒకటే కారణం చెప్పేవారు, వేడి చేసిందని. దానికి మందు చనుబాలు. నా ఒళ్ళో మూడు నెలల పిల్ల ఉంది.

"ఆ మంట మందు మానీసి నీ పాలు రెండు సుక్కలెయ్యే. సలవ సేత్తాది," అంది.

కాదనడానికి నాకు నోరెక్కడిది? ఉగ్గుగిన్నెలోకి పాలు పిండి కంట్లో పోశాను. పైగా గర్వపడ్డాను కూడా, ఆ ఇంట్లో నా వల్ల ఒక మేలు జరుగుతోందని. మూడు రోజులకు కన్ను నిప్పుకణికైంది.

మా ఆయన బండి కట్టించి ఊళ్ళో డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళారు. పిల్లను ఎత్తుకుని నేనూ వెళ్ళాను. ఆయన టార్చిలైటు వేసి చూశారు.

"లోపల వాపు వచ్చింది. చుక్కలు వేస్తున్నారా?"

"ఏత్తన్నాం బాబూ," అంది అత్త తడుముకోకుండా.

"ఇంకేమైనా పోశారా?"

"ఏటీ నేదు బాబూ."

ఆయన మొహం మారిపోయింది. "మందు వేస్తున్నా ఇలా ఉందంటే నా చేతిలో లేదమ్మా. మళ్ళీ పట్నం వెళ్ళి కోయించాలి. కన్ను నిలుస్తుందని చెప్పలేను."

ఉన్నది ఆ ఒక్క కన్నే. మా ఆయన నేల చూస్తున్నారు, ఆయనకు పాల సంగతి తెలియదు. పరాయి మగాడి ముందు అత్త మాటను కాదనడమంటే పుట్టింటికి మూట కట్టుకోవడమే. పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"సుక్కలు మానీసి మూడు రోజులయ్యిందండీ. నా పాలు పోసేం," అనేశాను.

తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "బతికించావు తల్లీ. అయితే ఇంకా దారుంది," అన్నారు. పాలు పిల్ల కడుపుకే ఉంచమని, చుక్కలు ఒక్క పూట కూడా మానొద్దని, చెక్క గరిటెకు దూది చుట్టి వేడినీళ్ళలో ముంచి కంటికి కాపడం పెట్టమని చెప్పారు.

"ఏడి సేసిన కంటికి మల్లీ ఏడేటి? మతిపోనాదా ఈయనకి!" అని బండిలో అత్త కొడుకుతోనే అంది. నాతో పలకలేదు. పది రోజులు పలకలేదు. కాపడం మాత్రం నా చేతే పెట్టించుకుంది. నేను మాట్లాడకుండా గరిటె పట్టేదాన్ని, ఆవిడ మాట్లాడకుండా మొహం చాపేది. నిజం చెప్పొద్దూ, ఆ పది రోజులూ నాకు హాయిగానే గడిచాయి. ఎరుపు రోజురోజుకూ తగ్గడం ఇంట్లో అందరికంటే ముందు నాకే కనిపించేది.

నెల దాటాక సోడాబుడ్డి అద్దాలొచ్చాయి. వీధరుగు మీద కూర్చుని పెట్టుకుంది. చుట్టూ మూగిన వాళ్ళందరినీ పక్కకు తప్పుకోమని నన్ను పిలిచింది. గడ్డం పట్టుకుని నా మొహం వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"నిన్ను సూసొచ్చినోళ్ళు నోట్లో నాలికే నేదన్నారే," అంది. "ముందు ఆళ్ళకి సేయించాల ఆపరేసను!"