అమ్మాయిల ఫైనల్‌కు జెండా పాట

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం రావలసిన చోట రాలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే వస్తుంది.

హన్మకొండలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్ని. పిల్లలకు పీడీ మేడంని. చుట్టుపక్కల ఎనిమిది కాలేజీలు కలిసి ఏటా కబడ్డీ టోర్నమెంట్ పెడతాం. ఎనిమిది మంది పీడీల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మీటింగ్ అయిపోగానే వాళ్ళు ఏడుగురూ చాయ్‌కి పోతారు, నేను స్కూటీ తీసి ఇంటికి పోతాను. రమ్మని పిలవరని కాదు. ఒకటి రెండుసార్లు పిలిచారు, నేను పోతే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఎందుకొచ్చిన తంటా అని మానేశాను.

ఒక ఏడాది యూట్యూబ్ వాడెవడో మమ్మల్ని అడగకుండానే మగపిల్లల ఫైనల్ లైవ్ పెట్టేశాడు. ఊరంతా చూసింది. దాంతో మరుసటి ఏడు కేబుల్ వాళ్ళు కూడా వచ్చి, మేం చూపిస్తామంటే మేం చూపిస్తామన్నారు. అడగందే అమ్మయినా పెట్టదు, వాళ్ళే అడుగుతుంటే మనం ఊరికే ఎందుకివ్వాలి, హక్కులు అమ్ముదామని తీర్మానించుకున్నాం. కన్వీనర్‌గా నన్ను పెట్టారు. ఇంగ్లీషులో లెటర్లు బాగా రాస్తుందన్నారు. అసలు సంగతి, ఆ చాకిరీ ఎవరికీ వద్దు.

నేను కాదనకపోవడానికి వేరే కారణం ఉంది. మా అమ్మాయిల జట్టు కెప్టెన్‌ది పరకాల దగ్గర ఊరు. కూతకు పోయిందంటే నలుగురు పట్టినా గీత ముట్టుకునే వచ్చేది. వాళ్ళమ్మ పత్తి ఏరడానికి కూలికి పోతుంది. "ఆడిపిల్ల నిక్కరేసుకొని దుంకుడేంది?" అని మూడేళ్ళుగా గొణుగుతూనే ఉంది. ఒక్కసారి వచ్చి చూడమంటే ఒకరోజు కూలి పోతుందంటుంది. "సాయంత్రం టీవీల ఏస్తే మా అమ్మ చూస్తది మేడం. ఆరు దాటితే ఇంట్లనే ఉంటది. గిదే మా ఆఖరి సంవత్సరం" అంది ఆ పిల్ల. అంతే, నా ఒంట్లోకి ఏదో దూరినట్టయింది. అమ్మాయిల ఫైనల్ సాయంత్రం లైవ్ రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

నేనూ ఆడినదాన్నే. యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్ళు ఆడాను. మా ఇంట్లో ఒక్కరూ ఒక్క మ్యాచ్ చూడలేదు. అమ్మ పోయింది, నాన్న పోయాడు, నేను ఎట్లా ఆడేదాన్నో తెలిసినవాళ్ళు నా వాళ్ళలో ఎవరూ లేరు. పెళ్ళి లేదని నాకు బాధ లేదు గానీ, ఇది మాత్రం ఉంది.

హక్కులు ఎట్లా అమ్మాలన్న దగ్గర మీటింగ్ ఆగిపోయింది. టెండరు పెడదామని ఒకరు, మాట్లాడుకుందామని ఒకరు. అప్పుడు నాకేం బుద్ధి పుట్టిందో, "జెండా పాట పెడదాం" అన్నాను.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్లో పొద్దున్నే మంచి సరుకున్న ఒక లాటును ఎంచి ముందుగా దానికి వేలం పాట పెడతారు. దానికి పలికిందే ఆ రోజు జెండా రేటు. పేపర్లో పడేదీ అదే. మా ఏడుగురూ రైతుల బిడ్డలే, ఎగిరి గంతేశారు. నలుగురి ముందూ పాట, దాపరికం ఉండదు, కన్వీనర్ మేడం భలే చెప్పిందన్నారు. వాళ్ళు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను పొంగిపోయాను, దాచుకోవడమెందుకు.

మా కాలేజీ గ్యాలరీలోనే పాట జరిగింది. రెండు కేబుల్ చానెళ్ళు, ఒక యూట్యూబ్ చానెల్ వచ్చాయి. ఒక కేబుల్ చానెల్ సేటుకు ఎనుమాములలో రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణం కూడా ఉంది. తెల్ల చొక్కా, చేతిలో చిన్న టవలు, నన్ను "చెల్లె" అనేవాడు. మంచి సరుకు ముందు పెట్టాలె గదా అని మా వాళ్ళు మగపిల్లల ఫైనల్ పాటకు పెట్టారు. నేనూ సరే అన్నాను. పాట మేం అనుకున్నదానికి రెండింతలు పోయింది. సేటే పాడుకున్నాడు. చప్పట్లు కొట్టాం.

"ఇగ అదే రేటు మీద మిగిలిన మ్యాచులు రాసుకుందమా?" అని నేను కాగితం తీశాను.

సేటు నవ్వాడు. "ఏంది చెల్లె, మీ ఇంట్ల ఎవరు మిర్చి అమ్మలేదా? జెండా రేటు జెండా లాటుకే. తతిమ్మది సరుకు జూసి కడ్తరు."

నా చెంప మీద కొట్టినట్టయింది. మా ఇంట్లో మిర్చి అమ్మలేదా! మా నాన్న ఇరవై ఏళ్ళు ఎనుమాములకే బస్తాలు తోలాడు. జెండా రేటు ఆయనకు ఒక్కసారీ రాలేదు. తేమ ఉందన్నారు, తాలు ఉందన్నారు, రంగు తక్కువన్నారు. పేపర్లో రేటు ఒకటి, మా ఇంటికొచ్చిన రేటు ఇంకొకటి. అది చూస్తూ పెరిగిన నేనే పోయి పోయి జెండా పాట పెట్టమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మగపిల్లల సెమీస్‌కు ఒక రేటు కట్టారు, లీగ్ మ్యాచ్‌లకు ఇంకా తక్కువ. చివరికి అమ్మాయిల ఫైనల్ దగ్గరికొచ్చారు. మిగతా ఇద్దరూ మాకొద్దన్నారు. సేటు, "పొద్దుగాల తొమ్మిదింటికి పెట్టుండ్రి, రికార్డు చేస్త. యాడ్స్ దొరికితే ఏస్త" అని కూరగాయల ఖర్చంత ఒక రేటు చెప్పాడు.

"సాయంత్రం ఆరున్నరకు లైవ్ ఇయ్యాలె సేట్" అన్నాను.

"ఆ టైముకు అమ్మాయిలది ఏస్తే నాకు యాడ్ ఎవరిస్తరు చెల్లె? జర సోచాయించు."

మా వాళ్ళ ఏడుగురి వైపు చూశాను. ఒకరు ఫోన్ చూసుకుంటున్నారు. ఒకరు సీలింగ్ ఫ్యాను చూస్తున్నారు. ఒక్కరంటే ఒక్కరు, 'అమ్మాయిలది లేకపోతే మగపిల్లలదీ లేదు' అంటే సరిపోయేది. ఆ మాట నేనే అనొచ్చు, కన్వీనర్ని. అనలేదు. అంటే వాళ్ళు ఏడుగురూ నా మీదికి లేస్తారని భయం. ఇంకో పక్కన మా కెప్టెన్ పిల్ల ముఖం. ఇప్పుడు అనుకుంటాను గానీ, ఆ క్షణంలో నాకు వేరే దారి కనపడలేదు.

"పైసలేం వద్దు. ఆరున్నరకు లైవ్ ఇయ్యి. ఉత్తగనే తీసుకో" అన్నాను.

సేటు టవలుతో ముఖం తుడుచుకున్నాడు. "మాటనేనా?"

"మాటనే."

"ఉత్తగ వస్తే నాకొకటి, మా అక్కకొకటి" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. ఒప్పందం కాగితం మీద 'మహిళల ఫైనల్: ఉచితం' అని నా చేత్తోనే రాశాను. వాళ్ళందరూ చాయ్‌కి వెళ్ళారు. నేను కుర్చీలు సర్దించి ఇంటికి వచ్చాను.

సేటు మాట తప్పలేదు. సరిగ్గా ఆరున్నరకు లైవ్ మొదలైంది. మా కెప్టెన్ ఒకే కూతలో ముగ్గుర్ని కొట్టి వచ్చింది, కప్పు మాకే వచ్చింది. గ్రౌండ్‌లో ఉండగానే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పక్కింటివాళ్ళ టీవీ ముందు వాడకట్టంతా కూర్చున్నారట. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ ఫోన్ నా చెవికి పెట్టింది. అవతల కేకలు, ఈలలు తప్ప ఒక్క మాటా అర్థం కాలేదు. నాకు ఒళ్ళంతా సంతోషమే. మర్నాడు పొద్దున ఎవరికైనా చెప్పాలని మా అన్నకు ఫోన్ చేశాను. అంతా విని, "మగపిల్లలది ఎవరు గెలిచిండ్లు?" అని అడిగాడు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేశాను. పాలు లేవు, ఏమీ లేవు.

తర్వాత కమిటీ కూర్చుంది. ఏ మ్యాచ్‌కు వచ్చిన డబ్బు ఆ జట్లకే ఖర్చు పెట్టాలన్నారు. మగపిల్లలకు కొత్త బూట్లు, ట్రాక్ సూట్లు వచ్చాయి. మా అమ్మాయిలకు ఎక్కడి నుంచి వస్తాయి? నేను గట్టిగానే అరిచాను. "మీరే గదా మేడం ఉచితం అని రాసింది" అని కాగితం చూపించారు. నా రాతే.

నెల తర్వాత కెప్టెన్ సర్టిఫికెట్ కోసం నా గదికి వచ్చింది. తీసుకుని వెళ్ళకుండా నిలబడింది.

"ఒక మాట అడుగుతే ఏమనుకోరు గదా మేడం? మా ఆట ఉత్తగిచ్చిన్లట గదా?"

"మీ అమ్మ చూసింది గదనే" అన్నాను.

"చూసింది మేడం. మస్తు ఖుషీ అయింది. టీవోళ్ళు మీకెంత ఇచ్చిన్లు అని అడిగింది. పత్తి ఏరితెనే కిలకింత అని ఇస్తరు, గంతసేపు దుంకితిరి, ఏమియ్యలేదా అంటాంది."

"ఎంతో కొంత ఇస్తమన్నరు, మా మేడమే వద్దన్నది అని చెప్పు" అన్నాను. నిజం అదే కదా.

"చెప్పిన మేడం. మా అమ్మ నమ్ముతలేదు. మీ మేడం అట్లెందుకంటది బిడ్డా, ఆమె మీ దిక్కు మనిషి గదా అంటాంది."