రైలత్త కాలు

కుడి తొడ నొప్పని వెళ్తే, రైలత్త యూనిఫాంలు కుట్టే కంపెనీలో డాక్టరు ఆమెను పడుకోబెట్టి చూడలేదు. కుర్చీలోంచి లేవకుండానే "తొక్కుడు నొప్పి" అని పూతమందు రాసిచ్చాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడగలేదు. అడిగి ఉంటే, ఆరేళ్ల కిందట రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారని చెప్పేది.

ఆమె మా నాన్న చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. కాలితో తొక్కే మిషను ముందు కూర్చుంటే ఇక ఆగదని చిన్నప్పుడు మేం పెట్టిన పేరు రైలత్త.

తొక్కే కాలు నొప్పి పెడితే కాలు మార్చాలని కుట్టుపనివాళ్ల నమ్మకం. పక్క మిషను ఆవిడ కూడా అదే చెప్పింది. "కుడికాలు పెద్దకోడలు లాంటిది. చాకిరీ చేసీ చేసీ అలిగింది. కొన్నాళ్లు చిన్నకోడలి చేత చేయించు."

అత్త ఎడమకాలితో తొక్కడం నేర్చుకుంది. ఎనిమిది నెలలు తొక్కింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ ఎనిమిది నెలలూ జబ్బు ఆమె కుడి తొడ ఎముకను తింటూనే ఉంది.

ఒక మధ్యాహ్నం దారపుండ కోసం లేచింది. కుడి తొడలో పటుక్కుమంది. ఆమె పడి విరగలేదు, విరిగి పడింది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎముక చెదలు తిన్న వాసంలా ఉంది.

"ఎముక లోపల పొడుగునా స్టీలు రాడ్డు దించి, పైనా కిందా మరలు బిగిస్తాం."

"అతుక్కుంటుందా బాబూ?"

"అతుక్కోకపోవచ్చమ్మా. జబ్బు ఇంకా చాలా చోట్ల ఉంది. రాడ్డు ఉంటే నొప్పి తగ్గుతుంది, నిలబడగలరు."

"బాత్రూముకి నా అంతట నేను వెళ్లగలనా? అదొక్కటి చెప్పండి. మా అన్నయ్య చేత ఎత్తించుకుని వెళ్లే బతుకు నాకొద్దు."

"వెళ్తారు."

"అయితే దించండి. కొలత చూసి దించండి బాబూ, కాలు పొడుగైతే మా వదిన ఫ్యాషనంటుంది."

ఆపరేషనైన మూడో రోజుకు నిలబెట్టారు. ఇంటికొచ్చాక వాకరు పట్టుకుని మంచం నుంచి బాత్రూముకు పదకొండు అడుగులు. వెళ్లి గడియ పెట్టుకునేది. అమ్మ బయట నిలబడితే, "కాపలా ఎందుకొదినా, లోపల లంకెబిందెలేం లేవు" అని అరిచేది.

నేను లైబ్రరీలో ఆ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. తర్వాత ఏమవుతుందో కూడా అందులోనే ఉంది. ఇంట్లో చెప్పలేదు.

పంతొమ్మిదో రోజున నడుము కింద నుంచి రెండు కాళ్లూ పడిపోయాయి. జబ్బు వెన్నులోకి దిగింది. రాడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త ఫిల్ము చూసి డాక్టరు "చక్కగా కూర్చుంది" అన్నాడు కూడా.

ఇక రోజూ నాన్నే ఎత్తుకెళ్లాడు. నేను పని వెతుక్కుంటూ వేరే ఊరు బయల్దేరిన ఉదయం ఆయన నడుము పట్టేసింది. ఆమెను ఎత్తడానికి నేను వెళ్లాను. చేతులు కింద పెట్టి లేపుతూ, ఆమెకు సిగ్గేస్తుందని మొహం పక్కకు తిప్పుకున్నాను. మళ్లీ నేను వచ్చేసరికి ఆమె లేదు.

"ఇటు చూసి ఎత్తరా," అంది ఆ ఉదయం. "ఎటో చూస్తూ ఎత్తితే గుమ్మానికి కొడతావు."