మా అత్త మూయనియ్యని తలుపు

పోయిన నెల మా కోడలు కొత్త ఫ్రిజ్జు కొన్నది. మనుషుల కంటే దానికే పొగరెక్కువ. తలుపు తీసి, దేనికోసం వచ్చినానబ్బా అని కాసేపు ఆలోచిస్తే చాలు, కీచుమని అరిచి ఇల్లంతా లేపుతుంది. మన వయసు వాళ్ళకు తలుపు తీసినాక గదా కావలసింది గుర్తుకొచ్చేది! మొన్న పొద్దున కొత్తిమీర కోసమో పాల ప్యాకెట్టు కోసమో తలుపు పట్టుకోని నిలబడి ఉంటే, హాల్లో టీవీలో కోటు వేసుకున్న ఒకాయన మాట వినబడింది. వాళ్ళ కంపెనీ కష్టాల్లో ఉందంట, సర్కారు ఆదుకోవాలంట, అదీ వాళ్ళ కోసం కాదంట, పాపం పనివాళ్ళ కోసమంట. ఒక చెవిలో ఆయన మాట, ఇంకో చెవిలో ఫ్రిజ్జు అరుపు పడేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే అంతసేపు నవ్వితే కోడలు భయపడి వచ్చి చూసి, తలుపు మూసేసి పోయింది. ఆ పిల్లకు ఏం చెప్పేది? తళిలో తెరిచిపెట్టిన ఒక తలుపు ముందర మా అత్త పట్టుచీర కట్టుకోని కూర్చున్న రోజు నా కళ్ళ ముందర నిలబడింది.

ఇప్పుడు హోసూరు దగ్గర మత్తిగిరిలో ఉంటున్నాను గానీ, నా కాపురమంతా హోసూరుకు అవతల ఉండే తళి ఊళ్ళోనే. కుప్పం పక్క పుట్టి ఆ చలికొండల మీదికి కోడలిగా వచ్చినప్పుడు, నడి ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే ఊరొకటి ఉంటుందా అని నోరు వెళ్ళబెట్టినాను. మా అత్తకు కొద్దిపాటి నేల, అందులో ప్లాస్టిక్ కప్పిన పాలీహౌసు, దాని నిండా ఎర్ర రోజాచెట్లు. మామ లేడు, మా ఆయన హోసూరులో లేతు పట్టరలో, అంటే ఇనుప సామాన్లు చేసే షెడ్డులో, పనికి పోయేవాడు, పూల వ్యవహారమంతా అత్తదే. నన్ను ఆమె పొగిడింది లేదు, నేను వండిన సాంబారును బాగుందన్నది అంతకన్నా లేదు. నేనేమన్నా తక్కువా, ఆమె ముళ్ళు గీరిన చేతులకు కొబ్బరినూనె రాస్తానంటే వద్దంటుందని తెలిసి, అడగకుండానే గిన్నె ముందర పెట్టి పోయేదాన్ని.

రోజా సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాల. దాన్ని మొగ్గగా ఉండగానే కోసి, బకెట్లో నీళ్ళు పోసి నిలబెట్టి, చల్లని గదిలో పెట్టాల. అదే కోల్డ్ రూము. అట్ల పెడితే మొగ్గ మొగ్గగానే కొన్ని రోజులు నిద్రపోతుంది, ధర వచ్చేదాకా మనం ఆగొచ్చు. వెచ్చదనం తగిలిందా, సాయంత్రానికల్లా విచ్చుకుంటుంది. విచ్చుకున్న రోజా చూసేకి ఎంత అందమో అమ్మేకి అంత దండగ. మా మాదిరి చిన్న రైతులకు కోల్డ్ రూము యాడ ఉంటుంది? అందుకని సాయంత్రం దళారి ఏ ధర చెప్తే అదే ధర, కాదంటే పూలు ఆవులకు. మా ఊళ్ళో ఆ గది ఉన్నది ఒక్కరికే, ఊరి బయట ఎకరాలకొద్దీ పాలీహౌసులు వేసుకోని విమానాల్లో విదేశాలకు పూలు పంపే పెద్ద కంపెనీకి. నేను పనికి చేరింది దాంట్లోనే.

నా ఉద్యోగం చిత్రమైనది. మేనేజరు ఉత్తరాది మనిషి, హిందీ ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాదు. పనివాళ్ళలో సగం మంది తెలుగు, మిగిలినవాళ్ళు కన్నడం, ఆఫీసుల్లో అంతా తమిళం. నాకు అన్నీ కాస్తకాస్త వచ్చు గనక, ఆయన పక్కన నిలబడి ఆయన కోపాన్ని మూడు భాషల్లోకి మార్చి చెప్పడమే నా పని. చెప్పేటప్పుడు కాస్త చల్లార్చి చెప్పేదాన్ని, అది ఆయనకు తెలిసేది కాదు.

అట్లుండగా ఒక సంవత్సరం విదేశాల ఆర్డర్లు ఉన్నట్టుండి ఆగిపోయినాయి. అబ్బబ్బ, ఆ ఏడాది తళి రోడ్డు పక్కన కుప్పలు పోసిన రోజాలు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే మరిచిపోయి ఉండరు. కంపెనీ కూడా దెబ్బతిన్నది, కాదనను. అయితే పెద్దవాళ్ళకు దెబ్బ తగిలితే పోయి చెప్పుకునేకి చోటు ఉంటుంది. మేనేజరు వారంలో సగం రోజులు చెన్నైలో, మిగతా సగం బెంగళూరులో. పండ్లబుట్టలు పోయేవి, ఫోన్లు వచ్చేవి. దానికి లాబీయింగ్ అని ఒక పేరుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది, అప్పట్లో మేం "పెద్దోళ్ళను చూసేకి పోయినాడు" అనేవాళ్ళం. ఎన్నిసార్లు చూసినా పని కాలేదు. కోటు మొహాన్ని చూసి ప్రజల పన్నుల సొమ్ము ఎవరిస్తారు? రైతు మొహం కావాలని అర్థమైనాక, ఊళ్ళో పూలు పండించే ఆడవాళ్ళందరినీ జిల్లా ఆఫీసులుండే కృష్ణగిరికి తీసుకపోయేకి కంపెనీ బస్సు పెట్టింది.

ఆ పొద్దున మా అత్త పెట్టెలోనుంచి వంగపండు రంగు పట్టుచీర తీసింది. ఆమెకున్న ఒకే ఒక్క పట్టుచీర అది. పెద్ద ఆఫీసరు ముందర నిలబడాలంటే మర్యాదగా పోవద్దా అని ఆమె లెక్క. మిగతా ఆడవాళ్ళూ అంతే, జడల్లో పూలు, మొహాన పౌడరు, పెళ్ళికి పోయే కళ. మేనేజరు బస్సు దగ్గరికి వచ్చి చూసి గతుక్కుమన్నాడు. మా అత్త చీర కొంగును రెండు వేళ్ళతో పట్టుకోని, వద్దు అన్నట్లు తల ఊపినాడు. దాన్ని ఏ భాషలోకీ మార్చాల్సిన పని లేకపోయింది. పూలు పోయి నాశనమైపోయినవాళ్ళు పట్టుచీర కట్టుకుంటే ఎవరు నమ్ముతారు? అందరూ ఇళ్ళకు పోయి పాత చీరలు కట్టుకోని వచ్చినారు. మా అత్త మందు కొట్టేటప్పుడు కట్టుకునే మరకల చీరలో వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. హోసూరు దాటి, సూళగిరి దాటినాక ఒక్క మాట అన్నది.

"ఏమ్మా, మనం అడిగేకి పోతా ఉండామా, అడుక్కునేకి పోతా ఉండామా?"

ఆ మాట నాకు బాగా గుచ్చుకున్నది.

కృష్ణగిరిలో పెద్ద హాలు, పొడుగాటి బల్ల. మా ఓనరు కూడా బెంగళూరు నుంచి దిగినాడు. కన్నడం, ఇంగ్లీషు తేనె మాదిరి మాట్లాడే మనిషి. ఇదంతా మా కోసం కాదు సార్, ఈ అమ్మల కోసం, వీళ్ళ పూలు పెట్టుకునేకి ఇంకో పెద్ద కోల్డ్ రూము కట్టిస్తాం అని చెప్పి మా వైపు చెయ్యి చూపించినాడు. మేం బొమ్మల కొలువు మాదిరి కూర్చోని ఉన్నాం. మాకు నేర్పించిన పాఠం నమస్కారం పెట్టడం ఒక్కటే. నేను ఆ మాటలను తెలుగులో చెప్తా ఉంటే మా అత్త లేచి నిలబడింది. ఓయమ్మా, మేనేజరు మొహం చూడాల్సింది!

"మా పూలు పెట్టేకి చోటిస్తామని ఈయప్ప అందరి ముందరా చెప్పినట్లేనా? అడుగమ్మా ఆ సారును."

నేను ఆ ప్రశ్నను చల్లార్చలేదు. గొంతెత్తి తమిళంలో అడిగినాను. ఆఫీసరు ఓనరు వైపు చూసినాడు. ఓనరు నవ్వుతా అవునన్నాడు. మా అత్త సరే అని కూర్చుంది.

సర్కారు డబ్బు వచ్చింది. మొదట ఆఫీసుకు అద్దాలు వచ్చినాయి, తర్వాత ఓనరుకు కొత్త కారు, ఆ తర్వాత గుట్ట మీద గెస్టుహౌసు. కోల్డ్ రూము అన్నిటికంటే చివర, అదీ పై ఆఫీసరు చూసేకి వస్తానని కబురు చేసినాక, హడావిడిగా లేచింది. మా అత్త రోజూ పొలం నుంచి వచ్చేటప్పుడు ఆగి ఆ గోడలను చూసేది. నేను కొనే అగ్గిపెట్టె మీద కూడా పన్ను ఉండాది కదా, అట్లయితే ఆ గోడలో రెండు ఇటుకలు నావే అనేది. నేను నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

ప్రారంభం ఫిబ్రవరి మొదట్లో పెట్టుకున్నారు, ప్రేమికుల రోజుకు కాస్త ముందర. అప్పటికి ఆర్డర్లు మళ్ళీ మొదలైనాయి, ఏడాది మొత్తం మీద రోజాకు ధర వచ్చే రోజులవే. ఈసారి మేనేజరే చెప్పి పంపించినాడు, ఆడవాళ్ళంతా మంచి చీరలు కట్టుకోని రావాలని! ఆదుకున్నాక కళకళలాడతా కనబడాల గదా ఫోటోలో. గుమ్మడికాయ కొట్టినారు, కర్పూరం వెలిగించినారు, రిబ్బను కత్తిరించినారు. లోపల ముందు వరసలో మా బకెట్లు, వెనక కంపెనీ పెట్టెలు. ఫోటోలు అయినాయి, ఆఫీసరు కారు హోసూరు వైపు పోయింది. దుమ్ము ఇంకా అణగలేదు, మేనేజరు పనివాళ్ళను పిలిచి మా బకెట్లన్నీ బయట పెట్టమన్నాడు. కంపెనీ పూలకే చోటు చాలదంట, విదేశాలకు పోవాల్సిన సరుకంట.

బయట పదకొండు గంటల ఎండ. ఆ ఏడాది ధర వచ్చే కోతంతా ఆ బకెట్లలో ఉన్నది. మధ్యాహ్నానికి విచ్చుకున్నాయంటే పాలీహౌసు మూసేసుకోవడమే, ఇంకో పంట పెట్టే శక్తి మాకు లేదు. మొదటి బకెట్టు బయటికి వచ్చింది. రెండోది వస్తా ఉంటే మా అత్త పోయి, వంగపండు రంగు పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకోని, కోల్డ్ రూము గడప మీద అడ్డంగా కూర్చుంది. ఆ పెద్ద తలుపు ఇంక మూతపడేకి లేదు.

ఆమె ఏదో ఉపాయం పన్ని కూర్చున్నదని నేను చెప్పను. కోపమొచ్చి కూర్చున్నది, అంతే. అయితే తలుపు తెరుచుకోని ఉంటే లోపలి చల్లదనమంతా బయటికి పోతుందని, మిషను రొప్పడం మొదలుపెట్టినాక అందరికీ అర్థమైంది. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది, గంట కీచుమని అరవడం మొదలుపెట్టింది. అచ్చం మా ఫ్రిజ్జే! లోపల విదేశాలకు పోవాల్సిన కంపెనీ రోజాలు పెట్టెలకొద్దీ ఉన్నాయి. అవి విచ్చుకుంటే ఎవరి కొంప మునుగుతుందో మేనేజరుకు చెప్పాలా? తక్కిన ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి అత్త పక్కన కూర్చున్నారు. గడప నిండా పట్టుచీరలు.

మేనేజరు నా వైపు తిరిగి, మీ అత్తను లేవమని చెప్పు, లేకపోతే రేపటినుంచి పనిలోకి రావద్దు అని అరిచినాడు. మా ఇంటి బియ్యం ఆ జీతంతోనే వచ్చేవి. అత్త దగ్గరికి పోయి వంగినాను. లోపలి చలి వీపు మీద కొడతా ఉంటే ఆమె పళ్ళు టకటకమంటా ఉన్నాయి. నాకేమనిపించిందో, నా స్వెట్టరు విప్పి ఆమె భుజాల మీద కప్పి, నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏమన్నాడు?" అని అడిగింది.

"లేవమన్నాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఇంకా ఏం చెప్పలేదత్తా. కూర్చున్నాను గదా."

ఆమె నా వైపు తిరిగి చూసింది. పెళ్ళయినప్పటి నుంచి నాకు దొరికిన మొదటి మెప్పు ఆ చూపే.

గెస్టుహౌసులో భోంచేస్తా ఉన్న ఓనరు చెయ్యి కడుక్కోకుండానే దిగివచ్చినాడు. కన్నడంలో తియ్యగా మాట్లాడినాడు. ఈ రోజుకు సర్దుకోండమ్మా, రేపు చూద్దాం అన్నాడు. మా అత్త ఒకటే చెప్పింది, ఈసారి మార్చి చెప్పే పని నాకు పెట్టకుండా ఆమే కన్నడంలో చెప్పింది. నీ బస్సులో మళ్ళీ కృష్ణగిరికి పోతామప్పా, ఈ తూరి పట్టుచీరలు కట్టుకోనే పోతాం, ఆ తూరి ఎందుకు కట్టుకోలేదో కూడా చెప్తాం అన్నది. ఓనరు మొహం మాడిపోయింది. మిషను రొప్పుతా ఉన్నది, గంట అరుస్తా ఉన్నది, ఆయన ఒకసారి లోపలి పెట్టెల వైపు, ఒకసారి మా చీరల వైపు చూసి, చివరికి సగం గది మీదే అన్నాడు.

ఉత్త మాటకు మా అత్త లేస్తుందా? పూజ పళ్ళెంలో మిగిలిన కర్పూరం వెలిగించి తెమ్మన్నది. సగం గది రైతులదేనని, ఏ కాలమైనా రైతులదేనని, అందరూ వినేటట్లు పలికి, ఓనరు ఆ మంట మీద అరచెయ్యి పెట్టి ఆర్పినాడు. కర్పూరం ఆర్పి చెప్పిన మాట మా పక్క ఎవరూ తప్పరు. అప్పుడు లేచింది మా అత్త. లేచి, బయట పెట్టిన బకెట్టును తన చేత్తోనే లోపల పెట్టి, "ఇంక మూసుకోండప్పా, చలి పోతా ఉండాది" అన్నది. అబ్బా, ఆ నవ్వులు, ఆ ఈలలు! తళి ఊరంతా వినబడి ఉంటుంది. ఆ ఫిబ్రవరిలో మా రోజాలు కూడా విమానమెక్కినాయి. వచ్చిన డబ్బుతో అత్త పాలీహౌసుకు కొత్త ప్లాస్టిక్ వేయించింది, నాకు ఒక స్వెట్టరు కొనిచ్చింది, నా పాతది మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మరునాడు నా లెక్క తేల్చి పంపిస్తారనే అనుకోని పోయినాను. మేనేజరు కోల్డ్ రూము తాళంచెవి నా ముందర పెట్టినాడు. ఆ ఆడవాళ్ళతో మాట్లాడేకి ఇంకెవరికి ధైర్యం ఉంటుంది మరి? రిటైరయ్యేదాకా ఆ తాళంచెవి నా నడుముకే ఉన్నది. గది ఇప్పటికీ ఉంది, సగం ఇప్పటికీ రైతులదే. ఇప్పుడు ఆడ బకెట్లు పెట్టే పిల్లలకు ఆ సగం ఎట్లా వచ్చిందో తెలీదు, ఎప్పటినుంచో అంతే అనుకుంటారు. అది కూడా ఒక గెలుపే అని నేను గర్వపడతాను.

మా అత్త పోయి చాలా కాలమైంది. పట్టుచీర నా బీరువాలో ఉంది. మొన్న టీవీలో ఆ కోటాయన పాపం పనివాళ్ళు, పనివాళ్ళు అని అన్నిసార్లు అన్నాడు గానీ, ఆయన వెనక ఒక్క పనివాడైనా కనబడతాడేమోనని కళ్ళు చికిలించి చూసినా ఎవరూ లేరు. ఆ కాలంలో మమ్మల్ని మరకల చీరలు కట్టించి, బస్సెక్కించి, బొమ్మల మాదిరి కూర్చోబెట్టినారు, నిజమే. నాటకానికే పిలిచినా, మేం ఆ హాల్లో ఉన్నాం గనకనే ఎవరి పేరు మీద ఏ మాట ఇచ్చినారో మా చెవులతో విన్నాం, గట్టిగా అడిగినాం. ఇప్పుడు నాటకానికి కూడా ఎవరినీ పిలిచే పని లేదు. ఏసీ గదుల్లో వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, తలుపు మూసుకోని. ఆ మాట వినేకి లోపల మా అత్త మాదిరి మనిషి ఒక్కరూ ఉండరు. అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫ్రిజ్జు తలుపు తీసినాను. అది అరవడం మొదలుపెట్టింది. హాల్లోనుంచి కోడలు కేకేసింది, "అత్తమ్మా, తలుపు!" అని.

"ఉండమ్మా, కాసేపు అరవనీ" అన్నాను.