పగడానికి పెట్టిన మిట్టమధ్యాహ్నం

ఎండను చూసి పంట సంగతి చెప్పగలనని నాకు ఎప్పటినుంచో ఒక నమ్మకం. తిరుత్తణి పక్కన మా ఊళ్లో మామిడితోట ఉంది. ఆ తోటలో పుట్టి పెరిగాను కాబట్టి ఆ విద్య రక్తంలోనే వచ్చిందనుకునేవాణ్ణి. నిజానికి తోట చూసుకునేది మా అన్న. నేను ఇరవై ఏళ్లకు పైగా తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫైళ్లు చూసుకుంటున్నాను. ఎండలో నిలబడి నేను చేసిన పని ఏదైనా ఉందంటే, అది ఎలక్ట్రిక్ రైలు కోసం ప్లాట్‌ఫారం చివర కాచుకోవడమే. అయినా ఆఫీసులో ఎవరింట్లో తులసి వాడినా ముందుకొచ్చి సలహా చెప్పేది నేనే. నా సలహా విన్న తర్వాత బతికిన తులసి ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

ఇక మా ఇంటి సంగతి. ముందుగదిలో టీవీ ఉండాల్సిన చోట ఒక గాజుతొట్టి ఉంది. అది మా అమ్మాయిది. పొన్నేరిలో హాస్టల్లో ఉండి చేపల పెంపకం చదువుతోంది. తొట్టిలో ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, రెండు చిన్న చేపలు, ఒక పగడం. సముద్రంలో కోసుకొచ్చింది కాదు, తొట్టిలోనే పెంచి బిల్లుతో అమ్మిన ముక్క. తెచ్చినప్పుడు బొటనవేలి గోరంత ఉండేది. రెండేళ్లలో నా అరచేతిలో సగమైంది. చిన్న చిన్న వేళ్లు చాచి నీళ్లలో ఊగుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ, "పగడమంటే ఉంగరంలో ఉండాల గదా, ఇదేంది ఇట్ల కదలతా ఉండాది?" అని రెండడుగులు వెనక్కి వేసింది.

అమ్మాయి ప్రతి శనివారం రెండు రైళ్లెక్కి ఇంటికొస్తుంది. చెప్పులు విడవకముందే తొట్టి దగ్గరికి పోయి, వంగి, పగడం వేళ్లు ఎంత చాచిందో చూస్తుంది. ఆ తర్వాత అమ్మ, ఆ తర్వాత కాఫీ, ఆ తర్వాత నేను. నాకు ఆ పగడం మీద కొంచెం అసూయ ఉండేది. అంతకంటే ఎక్కువ కృతజ్ఞత ఉండేది. అది ఉంది కాబట్టే మాకు శనివారం ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల వారం వారం అమ్మానాన్నల ముఖాలు చూడ్డానికే అంత దూరం వస్తుందని నమ్మేంత అమాయకుణ్ణి కాదు.

ఒక మంగళవారం తొట్టి మీది లైటు మాడిపోయింది. ఉప్పునీటి తుంపర తగిలి తగిలి లోపల తుప్పు పట్టింది. వెలుతురు లేకపోతే పగడానికి తిండి లేనట్టే. అందుకని అమ్మాయికి ఫోన్ చేశాను.

"నాయినా, బాగా విను. ఎల్ఈడీలో నీలం ఎక్కువుండేది చిన్నది చాలు. ఎన్ని వాట్లని చూడబాకు, మన తొట్టి రెండడుగులదే. అడుగు ఎత్తున కట్టు. మొదట్లో తక్కువ పెట్టు. పేరు వాట్సాప్‌లో పంపిస్తా, అదే కొను. నీ తెలివి వాడబాకు."

చివరి మాట దగ్గర నాకు కొంచెం పౌరుషం వచ్చింది.

సెలవు పెట్టి మద్రాసు పోయి, అలంకార చేపల సామాన్లు అమ్మే అంగడి ఒకటి పట్టుకున్నాను. అమ్మాయి చెప్పిన లైటు తీసి చూపించారు. అరటిపండంత ఉంది. వెలిగిస్తే చీకటిగదిలో ఎవరో నీలం సిరా ఒలకబోసినట్టుంది. నాకు బార్లో లైటు గుర్తొచ్చింది. మా ముందుగదిలో దేవుడి పటానికి ఎదురుగా బార్ లైటు వేలాడదీయడం నాకు నచ్చలేదు. దాని పక్కనే ఇంకొకటుంది. వెడల్పుగా, వెనక రెండు ఫ్యాన్లతో, బరువుగా ఉంది. వెలిగించగానే అంగట్లో అందరం కళ్లు మూసుకున్నాం. అంగడాయన నిజాయితీగల మనిషి. "సార్, ఇది నాలుగైదడుగుల తొట్టికి. మీకు వద్దు" అని తమిళంలో రెండుసార్లు చెప్పాడు. నేను నవ్వి, "మాది మామిడితోట. ఎండ ఎక్కువై చెడిన కాయను నేను చూడలేదు" అని తమిళంలోనే జవాబిచ్చాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు మాత్రం ఎంతసేపు వాదిస్తారు? ఆయన ప్యాక్ చేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కట్టాను. అడుగు ఎత్తున కట్టమంది కదా. దగ్గరుంటే ఇంకా మంచిదని జానెడెత్తున కట్టాను. లైటును ఫోన్లోంచి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. తెర మీద రెండు గీతలుంటాయి. ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకు. నీలాన్ని పూర్తిగా తీసేసి, తెలుపును నూటికి నూరూ పెట్టాను. ముందుగది పెళ్లిమంటపమైపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని వచ్చి, "చేపలకు కళ్లద్దాలు కొనుక్కొని రాలేదా?" అంది. అమ్మాయికి మాత్రం, "లైటు కట్టేశాను, అంతా బాగుంది" అని చెప్పాను. ఏ లైటో చెప్పలేదు. చూసి ఆశ్చర్యపోవాలని నా ఉద్దేశం. పరీక్షలున్నాయని ఆ శనివారమూ, ఆ పై శనివారమూ ఆమె రాలేదు.

వారం తిరగకముందే పగడం రంగు మారడం మొదలైంది. అప్పటిదాకా అది గోధుమరంగులో, నిజం చెప్పాలంటే పేడరంగులో ఉండేది. కొసలు మాత్రం కొంచెం పచ్చగా ఉండేవి. ఇప్పుడు ఆ పేడరంగు పోయి తెల్లబడుతోంది. పదో రోజుకు పాలనురుగులా మెరిసిపోయింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. మామిడిచెట్టు రాత్రికి రాత్రి ముదురాకుపచ్చ మరిచిపోయి తెల్లటి పూత కప్పుకోవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాను! ఇదీ పూతే అనుకున్నాను. రెండేళ్లుగా ఆ నీలం మసకలో పడుండి పూయని పగడాన్ని పదిరోజుల్లో పూయించాననుకున్నాను.

పక్కింటివాళ్లను పిలిచి చూపించాను. ఎదురింటివాళ్లు తమంతట తామే వచ్చారు. అంతమంది కళ్లు పడ్డాయని మా ఆవిడ చేత ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పించి దిష్టి తీయించాను. ఉప్పునీళ్ల తొట్టికి ఉప్పుతో దిష్టి తీయించిన వాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చిన అన్న, మా ఇంట్లో కాఫీ తాగడానికి ఆగాడు. ఆయన్ని తొట్టి ముందు కూర్చోబెట్టి, "చూడన్నా, పూత ఎట్లుండాదో" అన్నాను. అన్న చాలాసేపు చూశాడు. పైన లైటును చూశాడు. మళ్లీ పగడాన్ని చూశాడు.

"ఆకు రాల్చి పూసే చెట్లుండాయి. రంగు రాల్చి పూసేది నేను యాడా చూళ్లేదురా" అన్నాడు. "ఇంతకుముందు నీడలో ఉన్నిందా ఇది?"

"మసగ్గా ఉన్నింది."

"నర్సరీలో నీడ గుడ్డ కింద పెరిగిన అంటుమొక్కని తెచ్చి నాటితే ముందు ఏం చేస్తాము మనము?"

నేను తొట్టి గాజు మీద లేని మరక తుడిచాను. ఏం చేస్తారో నాకు తెలియదు.

"తాటాకు అడ్డం పెడతాము గదరా, నెలా రెండు నెలలు. ఎండ కొంచెం కొంచెంగా అలవాటు కావాల. నువ్వేమో మొదటిరోజే మిట్టమధ్యాన్నం పెట్టినావు" అని కాఫీ గ్లాసు కింద పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. చిన్నప్పుడు మా తోటలో ప్రతి చిన్న మొక్కకూ తాటాకు గొడుగుండేది. నేను దాని కింద దాక్కుని ఆడుకున్నాను కూడా. అది ఎందుకుండేదని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అనుమానం మొదలైంది. అయినా నాలాంటివాడు అంత తొందరగా ఒప్పుకుంటాడా? అన్నకు సముద్రం సంగతేం తెలుసని సర్దిచెప్పుకుని, పగడాన్ని ఫోటో తీసి అమ్మాయికి పంపాను. కింద "పూసింది" అని రాశాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"నాయినా, ముందు లైటు ఆపు." అంతే. పెట్టేసింది.

మరుసటి రోజు శనివారం కాదు. అయినా మధ్యాహ్నానికి వచ్చేసింది. చెప్పులు విడవకుండానే తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. కొంతసేపటికి గాజు మీద వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడింది.

"దీని ఒంట్లో కంటికి కనపడని పాచి మాదిరి జీవాలుంటాయి. అవే దీనికి రంగు, అవే దీనికి కూడు వండి పెడతాయి. వెలుతురు తట్టుకోలేక వాటిని బయటికి తోసేసింది. నువ్వు చూసింది పూత కాదు నాయినా, ఆకలి."

ఇన్ని రోజులుగా ఊరందరినీ పిలిచి నేను చూపించింది ఒక ప్రాణి పస్తులుండటాన్ని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఊడిన నాలుకకు దిష్టి కూడా తీయించాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసి, స్టూలెక్కి లైటు విప్పుతున్నట్టు నటించాను.

"బతకతాదా?" అని స్టూలు మీదినుంచే అడిగాను.

"తెలీదు. బతికితే మాత్రం సెమిస్టర్ అయినాక పొన్నేరికి ఎత్తుకొని పోతా. ఫ్రెండు వాళ్లింట్లో పెట్టుకుంటా. ఇక్కడ ఉంచేదానికి నాకు ధైర్యం లేదు."

చచ్చినా పోతుంది, బతికినా పోతుంది. ఎటుచూసినా నా శనివారమే పోతుంది. స్టూలు దిగి, సెమిస్టర్ అయ్యేదాకా ఒక్క అవకాశం ఇమ్మని అడిగాను. "చెప్పినంతే చేస్తావా?" అంది. చేస్తానన్నాను. ఆఫీసులో పై అధికారికి కూడా అంత వినయంగా ఎప్పుడూ చెప్పలేదు.

లైటును రెండడుగుల ఎత్తుకు జరిపాం. తెలుపు దాదాపు తీసేసి, నీలం పదికి పెట్టింది. వారానికి రెండు చొప్పున పెంచాలి, అదీ ఆమె చూసి చెప్పిన తర్వాతే. ముందుగది మళ్లీ బార్ అయింది. నేను రోజూ ఆఫీసునుంచి రాగానే ఆ బార్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. నాలుగో వారం ఒక పక్క వేళ్ల మొదట్లో ఏదో మరకలాంటిది కనిపించింది. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పేడరంగు! "వచ్చింది, పేడరంగు వచ్చింది!" అని అరిచాను. వంటింట్లో మా ఆవిడ గరిటె కింద పడేసింది. ఈసారి పక్కింటివాళ్లను పిలవలేదు.

ఆ తర్వాత అమ్మాయి శనివారాలు వచ్చి చూసి, ఎంత పెంచాలో చెప్పి వెళ్తుండేది. సెమిస్టర్ ముగియవస్తుండగా ఒక గురువారం ఫోన్ చేసింది.

"ఇప్పుడు ఎంతలో ఉండాది?"

"ఇరవైరెండు."

"పెంచేద్దామా? నువ్వే చెప్పు నాయినా."

జీవితంలో ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కుర్చీ జరుపుకుని తొట్టిలోకి చూశాను. ఒక పక్క బాగా రంగొచ్చింది. గోడవైపున్న వేళ్లు ఇంకా పాలిపోయే ఉన్నాయి.

"తెలీదు పాపా," అన్నాను. "ఒక పక్క ఇంకా తెల్లగానే ఉండాది. పెంచితే ఏమైతాదో నాకు తెలీదు. ఇంకో వారం ఇట్లే ఉంచి చూద్దామా?"



"సెరి నాయినా," అంది. "పొన్నేరికి వద్దులే. ఆడనే ఉండనీ. నువ్వు చూసుకుంటావు."

పదో తరగతి పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. మా ఆవిడకు చెబుదామని లేచేలోపే అమ్మాయి మళ్లీ మాట్లాడింది.

"అట్లయితే ఈ శనివారం రాను నాయినా. వచ్చే వారం కూడా ప్రాక్టికల్స్ ఉండాయి. ఇన్నాళ్లూ తొట్టి ఏమయిపోతాదో అని పరిగెత్తుకుంటా వస్తా ఉన్నా. ఇంక నువ్వుండావు గదా."

సరేనన్నాను. బాగా చదువుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక తెర మీద లైటు గీతలు రెండూ కనిపించాయి. తెల్లగీత అట్టడుగున ఉంది. దాన్ని ఒక్కసారి నూటికి జరిపి, ఒక ఫోటో తీసి పంపితే చాలు, రేపు మొదటి రైలుకే వచ్చేస్తుంది. నా వేలు ఆ గీత మీదనే ఉంది. వేలు వెనక్కి తీసుకున్నాను. వెంటనే తీసుకున్నానని మాత్రం చెప్పలేను.