రాధారాణి చూసిన పోలింగు

నోవై ఊళ్లో తెలుగువాళ్లింట ఏ విందు జరిగినా, వండింది సరిపోతుందా అన్న అనుమానం వస్తే అడిగేది రాధారాణినే. ఆవిడ వంటింట్లోకి తొంగి కూడా చూడదు. గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల గుట్టను ఒకసారి పరికించి, "ఇంకో కుక్కర్ పెట్టండి" అనో, "చాలు, పప్పు మిగులుతుంది" అనో తేల్చేస్తుంది. ఆ మాట తప్పింది ఒక్కసారే. ఫణి ఇంట్లో చనువున్నవాళ్లంతా గరాజ్‌లోంచి వచ్చి చెప్పులు అక్కడే వదిలారు. ఈవిడ ముందు గుమ్మం చూసి చాలునంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పెరుగన్నమే గతి అయింది. "గరాజ్ సంగతి నాకు ముందే చెప్పద్దూ?" అని తప్పు ఫణి నెత్తినే రుద్దింది. రాధారాణి ధీమా అలాంటిది. చిరాకు తెప్పిస్తుంది, కానీ ఆవిడ లేకపోతే నోవైలో ఏ పనీ జరగదు.

ఆవిడకు యాభై దాటాయి. కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. సొంత ఊళ్లో ఉన్నప్పుడు ఒకసారి ఓటర్ల జాబితాలో పేరు లేదన్నారు, ఇంకోసారి పరీక్షలు అడ్డొచ్చాయి, ఆ తర్వాత పెళ్లయి ఈ దేశం వచ్చేసింది. ఇక్కడ వీసా, గ్రీన్‌కార్డు వరసల్లో నిలబడి నిలబడి జుట్టు నెరిశాక, ఈ వసంతంలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ పౌరసత్వ ప్రమాణం చేశారు. అంటే నవంబరులో వచ్చిన మిడ్‌టర్మ్ ఎన్నికల్లో వేయబోయేది రాధారాణి జన్మలో మొదటి ఓటు. ఆ ఓటు మీద ఆవిడకు కొత్త పెళ్లికూతురికి ఉన్నంత మోజు ఉంది.

భర్త రామమోహన్‌కి అలాంటి మోజులేం లేవు. డైనింగ్ టేబుల్ దగ్గర కాఫీ తాగుతూ, ఇంటికి పోస్టులో వచ్చిన బ్యాలెట్ నింపి, కవరు మీద సంతకం చేసి పోస్టులో పడేశాడు. "నువ్వూ వేసెయ్, పనైపోతుంది" అన్నాడు.

"తలంబ్రాలు పోస్టులో పంపుతారా ఎవరైనా?" అంది రాధారాణి.

అంతటితో ఆగక, ఎన్నికల రోజు పోలింగ్ బూత్‌లో పనిచేస్తానని పేరు కూడా ఇచ్చింది. శిక్షణ ఇచ్చినావిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది: మీకు డ్యూటీ పడేది ఒకచోట, మీ ఓటు ఉండేది ఇంకోచోట, కాబట్టి మీ ఓటు ముందే వేసేసుకోండి అని. రాధారాణి తలూపింది. తలూపడం వేరు, వినడం వేరు. తన బూత్ అయిదు నిమిషాల దారే కదా, మధ్యలో బ్రేక్ తీసుకుని వెళ్లొస్తే సరి అనుకుంది. ఓటు వేసేటప్పుడు కట్టుకుందామని గద్వాల చీర కూడా కారులో పెట్టుకుంది.

ఆవిడకు డ్యూటీ పడింది ఒక బడి జిమ్‌లో. బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో బల్లలు వేసి, రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టారు. వచ్చినవాళ్ల పేరు వెతికి బ్యాలెట్ ఇవ్వడం రాధారాణి పని. బూత్‌కి పెద్ద డోరతీ అనే రిటైర్డ్ టీచరు. తలుపులు తీసిన కొత్తలో కొంతమంది వచ్చారు. ఆ తర్వాత చూస్తే చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు. హీటర్ చప్పుడు తప్ప జిమ్ అంతా నిశ్శబ్దం.

లంచ్‌కి పక్క గదిలోకి వెళ్లి ఫోన్ తీస్తే, వాట్సాప్ గ్రూపులో యుద్ధం నడుస్తోంది. "రికార్డ్ టర్నౌట్ అండీ. మొన్న ఎర్లీ వోటింగ్‌లో కాళ్లు లాగేదాకా నిలబడ్డా" అని ఫణి. "యాడ రికార్డ్? మా వీధిల ఒక్క కార్ కదల్లేదు. ప్రెసిడెంట్ ఎలక్షన్ కాదు కదా, మిడ్‌టర్మ్ ఎవనికి పట్టింది?" అని వరంగల్ రాగిణి. చివరికి ఇద్దరూ కలిసి, "రాధక్కా, నువ్వు లోపలే ఉన్నవ్ కద, నువ్వు చెప్పు" అని తీర్పు ఆవిడకే వదిలారు.

తీర్పు చెప్పమంటే రాధారాణి వెనకాడే మనిషా? "ఖాళీ. ఈసారి జనం రాలేదు. ఎవరూ హడావిడి పడక్కర్లేదు, ఆఫీసు పనులన్నీ చూసుకుని తాపీగా రండి" అని రాసి ఫోన్ మూసేసింది.

డోరతీ అడిగింది, ఇప్పుడు ఖాళీగానే ఉంది కదా, వెళ్లి నీ ఓటు వేసి రారాదా అని. రాధారాణి వద్దంది. సాయంత్రం రామమోహన్ ఆఫీసు నుంచి వస్తాడు. చీర కట్టుకుని, ఆయనతో ఫోటో తీయించుకుని మరీ వేయాలని ఆవిడ ముచ్చట. ఊరంతా ఖాళీగా ఉంటే తొందరేముంది?

మధ్యాహ్నం ఊసుపోక ల్యాప్‌టాప్‌లో పేర్లు పైకీ కిందికీ జరుపుతుంటే ఆవిడకో సంగతి కనబడింది. చాలా పేర్ల పక్కన అప్పటికే ఓటు అందినట్టు గుర్తుంది. పోస్టులో వేసినవాళ్లు కొందరు, ముందే వచ్చి వేసినవాళ్లు కొందరు. జనం రాకపోవడమేమిటి, వచ్చి వెళ్లిపోయారు కూడా. రాధారాణికి గరాజ్‌లో చెప్పులు కళ్లముందు మెదిలాయి. నవ్వొచ్చింది. పోనీలే, వేయాల్సినవాళ్లు వేసేశారు కాబట్టి సాయంత్రం ఇంకా ఖాళీగా ఉంటుందని సర్దుకుంది. ఆవిడ అంచనా తప్పయితే, దాని పక్కనే ఇంకో అంచనా తయారుగా ఉంటుంది.

ఆ రెండోది కూడా తప్పింది. చీకటి పడుతుండగా తలుపు తెరుచుకుంది, ఇక మూతపడలేదు. ఆఫీసుల నుంచి, డేకేర్‌ల నుంచి, ఆసుపత్రి డ్యూటీల నుంచి జనం. వరస జిమ్ దాటి వరండాలోకి పాకింది. నీళ్లు తాగడానికి కూడా తల ఎత్తకుండా రాధారాణి పేర్లు వెతుకుతూనే ఉంది. మధ్యలో ఎదురుగా వచ్చి నిలబడింది రాగిణి. చంకలో పిల్ల నిద్రకు ఏడుస్తోంది.

"ఖాళీ అన్నవ్ కద అక్కా," అంది రాగిణి. "మా కాలనీ అంత నీ మెసేజ్ చూసి ఇప్పుడే బయల్దేరిన్రు. ఎన్క ఉన్నోళ్లు సగం మనోళ్లే."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది రాధారాణి పని.

కాసేపటికి రామమోహన్ వచ్చి వరండా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఆవిడ కారులోంచి తీసిన చీర కవరు. "ఏడున్నర అవుతోంది రాధా. ఎనిమిదికి మూసేస్తారు. లేస్తావా?" అన్నాడు. గుమ్మం దగ్గర వరస సర్దుతూ ఊపిరాడకుండా ఉన్న డోరతీ కూడా వెళ్లమని సైగ చేసింది.

రాధారాణి లేచింది. లేచి వరస వైపు చూసింది. తను వెళితే మిగిలేది ఒక్క ల్యాప్‌టాప్. నిద్రమత్తు పిల్లలతో నిలబడ్డ తల్లులు ఇప్పటికే గడియారం చూసుకుంటున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇళ్లకు పోతారు. వాళ్లందరినీ ఈ వేళకు రప్పించింది తన ఒక్క మాట.

"మీరు పోండి," అంది భర్తతో. "వీళ్లంతా నన్ను నమ్మి ఇప్పుడొచ్చారు. నేను లేస్తే ఎట్లా?"

"మరి నీ ఓటు?"

ఆవిడ కూర్చుని తర్వాతి పేరు అడిగింది. కళ్లలో నీళ్లు తిరిగి తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్లీ వెతికింది. ఏడుపొచ్చింది గానీ, చేసింది తప్పనిపించలేదు.

ఎనిమిదయింది. అప్పటికే వరసలో ఉన్నవాళ్లందరికీ ఓటుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లకు లేదు. అందుకని చివరి మనిషి వెనక బూత్‌వాళ్లు ఒకరు వెళ్లి నిలబడాలి. డోరతీ తను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాధారాణిని పంపింది. ఆవిడ వరండా చివరికి వెళ్లి, పనిబట్టలతో ఉన్న ఒక పెద్దాయన వెనక నిలబడింది. జన్మలో మొదటిసారి ఓటు వరసలో నిలబడింది, చేతిలో ఓటు లేకుండా.

పెద్దాయన వెనక్కి తిరిగి ఆవిడ కూడా ఓటు వేయడానికే వచ్చిందనుకున్నాడు. ఇంగ్లీషులో మాట కలిపాడు. "సరిగ్గా సమయానికి అందుకున్నారు. పొద్దున ఎవరూ లేరని విన్నాను, ఇప్పుడు చూస్తే ఇంతమంది. ఇంతకీ ఈసారి జనం ఓట్లు వేసినట్టా, వేయనట్టా?"

"ఎంతమంది వేశారో నాకు తెలియదు," అంది రాధారాణి. ఆ మాట ఆవిడ నోట రావడం కూడా అదే మొదటిసారి. "వేయనివాళ్లలో ఒకరెవరో మాత్రం ఖచ్చితంగా తెలుసు."

"మీ ఆయనా?" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"కాదు. ఆయన పోస్టులో వేశాడు."