ఎదిగే పిల్లల కొలతల పుస్తకం

సిద్దిపేటలో బడి పిల్లలున్న ఇళ్లలో మజహర్ దర్జీ దుకాణం ఎరగనివారు అరుదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన కుడుతున్నవన్నీ యూనిఫారాలే. కొలతలు తీసి పుస్తకంలో రాయడం ఆయన వంతు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని గుడ్డ కత్తిరించడం భార్య వజీరాబీ వంతు. వారి ఒక్కగానొక్క కూతురు ముబష్షిరా మాత్రం ఏనాడూ సూది పట్టలేదు. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, రెండేళ్లు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు బోధించి, ఇరవై నాలుగో ఏట ఆ కొలువు మానుకుని, డేటా అనలిస్టును అవుతానంటూ ఇంటి పట్టునే చదువుకు కూర్చుంది.

చెదిరి ఉన్న అంకెలను ఒకచోట చేర్చి, తప్పొప్పులు చూసి, వాటిలోనుంచి ఒక సంస్థకు అక్కరకు వచ్చే మాటను బయటికి తీయడమే ఆ ఉద్యోగమని ఆమె తల్లికి పలుమార్లు వివరించింది. వజీరాబీ ఓపికగా విని ఒకే ఒక షరతు పెట్టింది. జూన్‌లో బడులు తెరిచేలోగా కొలువు దొరకని పక్షంలో కూతురు తిరిగి ఆ బడికే పోవాలి. బడి హెడ్మాస్టరు దత్తాత్రి కూడా, పాత టీచరన్న అభిమానంతో, ఆ ఖాళీని జూన్ మొదటి వారం దాకా ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాడు.

పది నెలల పాటు ఆమె చదివిన తీరు చూసినవారికి జాలి, గౌరవం రెండూ కలిగేవి. పొద్దున్నే ఫోనులో ఎక్సెల్ పాఠాలు. మధ్యాహ్నం గ్రంథాలయంలో డేటాబేసుల నుంచి కావలసిన అంకెలను రప్పించే ఎస్‌క్యూఎల్ అభ్యాసం. సాయంత్రం పాత ల్యాప్‌టాప్ మీద అంకెలను బొమ్మలుగా మార్చే పవర్ బీఐ. ఉచితంగా దొరికిన పాఠమల్లా చూసింది, పూర్తి చేసిన ప్రతి పాఠానికీ సర్టిఫికెట్ తీసుకుంది. అవి పదకొండయ్యాయి. హైదరాబాదులో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి రెండింటా ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. రెండుచోట్లా ఆమె చూపింది ఏదో విదేశపు దుకాణం అమ్మకాల లెక్క. పాఠంతో పాటే ఉచితంగా వచ్చిన అంకెలవి. ఆ వారంలో ఇదే దుకాణాన్ని తనకు చూపినవారిలో ఆమె అయిదో మనిషని రెండో చోట పరీక్షించినాయన నవ్వుతూనే చెప్పాడు. తిరుగు బస్సులో ఆమెకు ఆ నవ్వే గుర్తుకు వస్తూ ఉండిపోయింది.

ఆమె కాలేజీలో రెండేళ్లు ముందు చదివిన శైలేందర్‌ది కోహెడ. హైదరాబాదులో నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఆదివారం ఊరికి పోతూ దారిలో దుకాణం దగ్గర ఆగి, ఆమె సర్టిఫికెట్ల సంచి అంతా తిరగేశాడు.

"గివి గోడకు తగిలిస్తె మంచిగుంటయి చెల్లె" అన్నాడు. "మీ బాపు కొలతల బుక్కులు ఎనిమిదేండ్లయి ఆ అల్మారల పడి ఉన్నయి. ఎవలదో దుకాణం లెక్క నీకెందుకు?"

పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు, కళ్ల ముందే ఉన్న ఆ పుస్తకాలు ఆమెకు అంతవరకు తట్టలేదు. శైలేందర్ మరి రెండు హితవులు కూడా చెప్పాడు. కొత్త పాఠాల జోలికి పోక వచ్చిన విద్యనే గట్టిపరచుకోవాలి. చేసిన పనిని కంప్యూటరు ముట్టని మనిషికి సైతం రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలగాలి.

పని కూడా చేతికి అందుబాటులోనే ఉంది. వేసవిలో కొన్ని యూనిఫారాలు ముందుగా కుట్టి పెట్టడం దుకాణపు ఆనవాయితీ. ఏటా కొన్ని సైజులు మిగిలిపోయేవి, కొన్ని చాలక జూన్‌లో దంపతులిద్దరూ ఊపిరాడక కుట్టేవారు. ఈ ఏడు ఏ సైజు ఎన్ని కావాలో ముందే చెప్పగలిగితే అదొక నిజమైన పని. పేరు, ఊరు, తరగతి, ఛాతీ, పొడవు అంటూ ఎనిమిదేళ్లలో మూడు వేల మందికి పైగా పిల్లల కొలతలను ఆమె రెండు నెలలు కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కించింది. దుబ్బాక, మర్కూక్ వంటి చోట్ల నుంచి వచ్చే పిల్లలకు ఒక ఏడు కొలత ఉంటే మరుసటి ఏడు లేదు. ఖాళీ గడులు కనిపిస్తే ముందు వెనుకల సగటుతో నింపమని పాఠాల్లో నేర్చుకుని ఉంది గనుక, శ్రద్ధగా నింపేసింది.

అప్పుడొక వింత తేలింది. ఒకే తరగతిలో చదువుతున్నా ఊళ్ల పిల్లల పొడవు సిద్దిపేట పట్నం పిల్లల కంటే రెండు అంగుళాలు ఎక్కువ. పాలూ పెరుగూ, పొలాల వెంట పరుగులూ ఇందుకు కారణమని ఆమె ఒక చక్కని వివరణ రాసుకుని, దానికి రంగురంగుల చార్టు కట్టింది. శైలేందర్ అది చూసి మా కోహెడ పిల్లలంటే ఏమనుకున్నావని మురిసిపోయాడే తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు. హైదరాబాదులో మరో సంస్థ ఆమెను జూన్ మొదటి సోమవారం రమ్మంది. తల్లి పెట్టిన గడువులో మిగిలిన అవకాశం అదొక్కటే.

దానికి ముందటి గురువారం మజహర్ కళ్లజోడు విరిగింది. రాసిపెట్టేందుకు ముబష్షిరా దుకాణంలో కూర్చుంది. మర్కూక్ నుంచి రాధమ్మ అనే పెద్దావిడ మనుమరాలు సాత్వికను వెంటబెట్టుకుని వచ్చింది. మజహర్ ఆ పిల్ల భుజం మీది నుంచి టేపు జార్చి, గోటితో గుర్తు పెట్టుకుని, "పొడుగు ముప్పై రెండు" అన్నాడు. గోరున్నది ముప్ఫై మీద.

"అబ్బా, టేపు ముప్పైయ్యే చూపిస్తుంది" అంది ముబష్షిరా తండ్రితో.

ఆయన కంటే ముందు రాధమ్మ అందుకుంది. "ముప్పైకి కుడితె వచ్చే యేడు మోకాళ్ల మీదికొస్తది బిడ్డా. పెరిగే పోరి, రెండేండ్లు ఎళ్లాలె గద. దర్జీ బిడ్డవు, గింత ఎరుక లేదా?"

"ఊర్లోళ్లకు రెండించులు కలిపే రాస్త" అన్నాడు మజహర్ టేపు చుట్టుకుంటూ. "మీ అమ్మీ కత్తెర పట్టినంక మళ్ల ఎవలు యాది జేస్తరు? టౌనోళ్లయితె ఏటేటా వస్తరు, వాళ్లకు కొలిచినంతనే."

ముబష్షిరా కలం కదలలేదు. ఎదిగే పిల్లలకు వదులుగా కుట్టడం ఆమె ఉగ్గుపాలతో ఎరిగిన సంగతే. అయితే ఆ వదులు కత్తెర దగ్గర మడతలో చేరుతుందని అనుకుందే కాని, పుస్తకంలోని అంకెలోనే కలిసి ఉంటుందని ఊహించలేదు. దర్జీ బిడ్డ కాకపోయి ఉంటే ఆ అంకెకు అర్థమేమిటని తండ్రిని మొదటిరోజే అడిగేది. ఊళ్ల పిల్లలు పొడుగరులు కారు. వాళ్ల గౌన్లు పొడుగు.

శైలేందర్‌కు ఫోను చేస్తే తన ఊరి పిల్లల ఘనత పోయినందుకు ముందు నవ్వాడు, పిదప గంభీరమయ్యాడు. పుస్తకాలను హైదరాబాదులో ఎవరూ చూడరనీ, చార్టు అందంగా ఉందనీ, మూడు రోజుల్లో కొత్తది చేయడం కష్టమనీ చెప్పి, నిర్ణయం మాత్రం ఆమెకే వదిలాడు.

ఆమె మరునాడు తెల్లవారగానే చేసిన మొదటి పని, తాను నింపిన గడులన్నిటినీ తిరిగి ఖాళీ చేయడం. అలా చేశాక కంటికి కనిపించినది ఆమెను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. ఊళ్ల పిల్లల వరుసల్లో ఖాళీలు ఎక్కడ పడితే అక్కడ లేవు. ఒక ఏడు విడిచి ఒక ఏడు, కుట్టు వేసినట్టు ఉన్నాయి. కొలత లేకపోవడమంటే రాయడం మరచిపోవడం కాదు. ఆ ఏడు పిల్ల పాత గౌనే తొడుక్కుంది. అలాగైతే కిందటి ఏడాదికి ముందటి ఏడు వచ్చినవారే ఈ జూన్‌లో వస్తారు. ఈ ఊహను పరీక్షించడానికి ఆమె నిరుటి పుస్తకాన్ని పక్కన పెట్టి, అంతకు ముందటివాటిని మాత్రమే చూసి ఊళ్ల పిల్లల్లో నిరుడు ఎవరెవరు ఏ పొడవుతో వచ్చి ఉంటారో అంచనా కట్టింది. తరువాత నిరుటి పుస్తకం తెరిచి పోల్చింది. పదిమందిలో ఎనిమిది మంది వచ్చారు. వారి పొడవు ఒక అంగుళం తేడాలో సరిపోయింది.

సోమవారం ఆమెను పరీక్షించిన ముగ్గురిలో పెద్దామె పేరు భవాని. ఎస్‌క్యూఎల్‌లో అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒకదానికి ముబష్షిరా తడబడి, తెలియదని ఒప్పుకుంది. తన పని చూపే వంతు వచ్చినప్పుడు పాలూపెరుగుల చార్టునే ముందు పెట్టింది, అది ఎందుకు తప్పో చెప్పింది, ఆ తరువాతే ఖాళీ గడులనూ, వాటిని బట్టి కట్టిన అంచనా చార్టునూ చూపింది. మిగతా ఇద్దరు నవ్వారు గాని భవాని నవ్వలేదు. మంచి చార్టు చేతిలో ఉండగా చెడ్డదాన్ని ఎందుకు చూపావని ఆమె అడిగింది.

"అది దాసిపెడితె, ఖాళీలను ఎందుకు నింపొద్దో చెప్పనీకి నా తాన ఏం ఉండది మేడం" అంది ముబష్షిరా. సభామర్యాద కోసం నేర్చుకున్న భాష ఆ క్షణాన ఆమెకు గుర్తుకు రాలేదు.

భవాని కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ పుస్తకాల్లో నీకింకా తెలియనిది ఉండవచ్చునా అని చివరగా అడిగితే, ఉంటుందనీ, ఛాతీ కొలతను గురించి తండ్రిని ఇంకా అడగవలసి ఉందనీ ముబష్షిరా జవాబిచ్చింది.

బుధవారం ఫోను వచ్చింది. వచ్చే సోమవారం నుంచి ఆరు నెలల శిక్షణ, వారంలో మూడు రోజులు హైదరాబాదు, కొంత భృతి. ఆ తరువాత ఉంచుకునేదీ లేనిదీ పని చూసి చెబుతారు. సంతోషంతో పాటు ఒక సందేహం కూడా ఆమెను పట్టుకుంది. ఇది కొలువేనా? తల్లి పెట్టిన షరతుకు ఇది సరితూగుతుందా? దత్తాత్రి సారుకు జవాబు చెప్పవలసిన గడువు శుక్రవారంతో తీరిపోతుంది.

వజీరాబీ కత్తెర ఆపకుండానే అంతా విని, "ఆర్నెల్లయినంక ఉంచుకుంటమని రాసిచ్చిన్రా?" అని అడిగింది.

"లేదమ్మీ."

కత్తెర గుడ్డ అంచు దాకా పోయి ఆగింది. వజీరాబీ ముక్కలను జోడించి మడత పెట్టింది. "ఈ దుకాణం పెట్టిననాడు గిరాకి వస్తదని మీ అబ్బకు ఎవలన్న రాసిచ్చిన్రా? ఫోన్ చెయ్యి. సారును ఊకె ఆపకు, ఆ జాగల ఇంకెవలకన్న పని దొరుకుతది."

ముబష్షిరా దుకాణం మెట్ల మీదికి వచ్చి దత్తాత్రి నంబరు నొక్కింది. సంగతి చెప్పి, ఆ ఖాళీని ఇక ఎవరికైనా ఇమ్మంది. ఆరు నెలల తరువాత ఏమిటని ఆయన కూడా అడిగాడు.

"గది నాక్కూడ తెల్వది సార్" అంది ఆమె. "సోమవారం మాత్రం పోతున్న."