నానమ్మ అరచేతి కింద

పాము కనిపిస్తే చీపురు తీసుకునే నానమ్మ మూడు రోజులుగా ఆవు దగ్గితే హడలి, అన్నం ముందునుంచి లేచిపోతోంది. ఏడాదిగా ఆవు తొట్టిలోనే అడవి జింకకూ దాణా పెట్టి, "చిన్నకోడలు వచ్చిందే" అని మురిసిపోయేది. ఆ జింక చచ్చిపడితే కోసి చూసి, క్షయ అన్నారు. పశువుల డాక్టరు ఆవు మెడకు క్షయ పరీక్ష సూది వేసి, "మూడోరోజు వస్తాను. ఇక్కడ వాచిందంటే దీనికీ అంటినట్టే. చంపక తప్పదు, పెద్దమ్మా" అన్నాడు. అప్పటినుంచి నానమ్మ గంటకోసారి ఆ చోటు తడమడం, నమ్మకం చాలక తన మెడ కూడా తడిమి పోల్చుకోవడం. ఆవు దగ్గితే తానూ దగ్గి, "దుమ్మే తల్లీ, నాకూ పట్టింది" అని దానికి నచ్చజెప్పేది. ఇవాళ డాక్టరు వచ్చేసరికి ఆ చోటును అరచేత్తో కప్పేసి నిలబడింది.

"చెయ్యి తియ్యి, పెద్దమ్మా."

"తీస్తాను నాయనా. నోట్లో గడ్డి ఉంది, నమలనీ."

ఆవు నమలడం ఆపగానే నానమ్మ రెండో చేత్తో ఇంకో గడ్డిపరక అందించింది.